మృతభాష, పొరుగుభాష, మాతృభాష

మన సంస్థలో చేరిన కొత్తలో ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షలకు కూర్చున్న మిత్రులకు ఒక విషయం అనుభవపూర్వకంగా తెలిసే ఉంటుంది. పరాయి భాష నేర్చుకొనడానికి మనిషిని పురికొల్పేవి సాధారణంగా రెండే: ఒకటి అవసరం, రెండవది పురస్కారం. భాషపై మక్కువ అనే మూడవ కారణం పుస్తకాలలో కనిపించినంతగా కార్యాలయాలలో కనిపించదు. ప్రాజ్ఞలో ఉత్తీర్ణుడనైన నాడు నాకు కలిగిన ఆనందంలో నగదు పురస్కారానిదే ఎక్కువ పాలు అని ఒప్పుకొనడానికి, పదవీ విరమణ తరువాత, ఇప్పుడు సంకోచం లేదు.

ఇటువంటి నేపథ్యం కలిగిన నేను, 2023 ఆగస్టులో మా శ్రీమతితో కలిసి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి సమీపంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అక్కడ పదవ తరగతి చదువుతున్న మా మనుమరాలు పుస్తకాల సంచిలో రెండు భాషల వాచకాలు కనిపించాయి. ఒకటి స్పానిష్, రెండవది లాటిన్. మొదటిది ఎనిమిదవ తరగతి నుంచి, రెండవది తొమ్మిదవ తరగతి నుంచి చదువుతోందట. తెలుగులో నాలుగు వాక్యాలు వరుసగా మాట్లాడలేని పిల్లకు ఈ రెండు భాషలెందుకన్న ప్రశ్న నా నోటి చివరి వరకు వచ్చింది. అల్లుడుగారి ఇల్లు కనుక మ్రింగివేశాను. ఆ ప్రశ్నకు ఆరు నెలలలో నాకు దొరికిన సమాధానమే ఈ వ్యాసం.

బడిలో రెండు భాషలు

అమెరికాలో ఉన్నత పాఠశాల అంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు తరగతులు. మన వద్ద వలె దేశమంతటికీ ఒకే త్రిభాషా సూత్రం అక్కడ లేదు. ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిది. టెక్సాస్‌లో ఉన్నత పాఠశాల పూర్తి చేయాలంటే ఇంగ్లీషు కాక మరొక భాషలో రెండు సంవత్సరాల చదువు ఉండాలి. ఏ భాష అన్నది విద్యార్థి ఇష్టం, పాఠశాలలో దొరికే ఉపాధ్యాయుల లభ్యతను బట్టి ఉంటుంది. స్పానిష్ దాదాపు ప్రతి పాఠశాలలోనూ ఉంటుంది. లాటిన్ కొన్నింటిలోనే ఉంటుంది.

ఈ రెండింటికీ ఉన్న ఆదరణలో ఎంత వ్యత్యాసం ఉన్నదో అంకెలు చెబుతాయి. 2014-15 విద్యా సంవత్సరానికి సంబంధించి, 2017 లో వెలువడిన ఒక జాతీయ సర్వే ప్రకారం అమెరికా పాఠశాలలలో స్పానిష్ చదువుతున్నవారు సుమారు 73 లక్షలు. లాటిన్ చదువుతున్నవారు సుమారు 2 లక్షల 10 వేలు. అంటే ముప్పై అయిదు మందికి ఒక్కరు.

ఒకప్పుడు పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అమెరికాలోని అత్యంత ప్రాచీన ప్రభుత్వ పాఠశాల 1635 లో బోస్టన్ నగరంలో ఏర్పడింది. దాని పేరే బోస్టన్ లాటిన్ స్కూలు. మరుసటి సంవత్సరం స్థాపితమైన హార్వర్డ్ కళాశాలలో ప్రవేశం కావాలంటే లాటిన్ వచ్చి తీరాలి. 1900 నాటికి కూడా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విద్యార్థులలో సుమారు సగం మంది లాటిన్ చదివేవారు. ఆనాడు స్పానిష్‌ను పట్టించుకున్నవారు బహు స్వల్పం. ఆధునిక భాషలలో అగ్రస్థానం జర్మన్‌ది.

ఆ స్థానాన్ని మార్చినది బడి కాదు, యుద్ధం. 1915 లో ఉన్నత పాఠశాల విద్యార్థులలో దాదాపు నాలుగవ వంతు జర్మన్ చదువుతూ ఉండగా, మొదటి ప్రపంచయుద్ధం రేపిన ద్వేషం వలన 1922 నాటికి ఆ సంఖ్య నూటికి ఒకటి కంటె తక్కువకు పడిపోయింది. నెబ్రాస్కా రాష్ట్రం 1919 లో ఒక చట్టం చేసి, ఎనిమిదవ తరగతి దాటని పిల్లలకు విదేశీ భాషలు నేర్పడాన్ని నేరంగా ప్రకటించింది. జర్మన్ నేర్పిన ఒక ఉపాధ్యాయునికి జరిమానా పడింది. ఆ చట్టానికి ఆ రాష్ట్ర న్యాయస్థానం ఒక విచిత్రమైన వివరణ ఇచ్చింది. లాటిన్, గ్రీకు, హీబ్రూ వంటి మృతభాషలకు ఈ నిషేధం వర్తించదట! మాట్లాడేవారు లేని భాష వలన ఎవరికీ భయం లేదన్నమాట. చివరకు 1923 లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని తీర్పు చెప్పింది. బిడ్డకు ఏ భాష నేర్పించాలన్న విషయంలో తల్లిదండ్రులకు గల స్వేచ్ఛను గుర్తించిన తీర్పుగా అది నేటికీ ప్రసిద్ధం.

జర్మన్ ఖాళీ చేసిన చోటును క్రమంగా స్పానిష్ ఆక్రమించింది. 1914 లో పనామా కాలువ తెరుచుకొనడంతో దక్షిణ అమెరికాతో వ్యాపారం పెరుగుతుందన్న ఆశ అందుకు తోడ్పడింది. లాటిన్ మాత్రం తరుగుతూ వచ్చింది. 1957 లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించిన మరుసటి సంవత్సరం అమెరికా చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం ఆధునిక భాషలకు నిధులు కురిపించింది. లాటిన్‌కు అందులో చోటు దక్కలేదు. 1962 లో సుమారు 7 లక్షలుగా ఉన్న లాటిన్ విద్యార్థులు 1976 నాటికి లక్షన్నరకు తగ్గిపోయారు. ఆ తరువాతనే ఉపాధ్యాయులు మేల్కొని జాతీయ లాటిన్ పరీక్ష వంటివి ప్రారంభించి, ఆ భాషకు మళ్ళీ కొంత ప్రాణం పోశారు.

లాటిన్ వలన తెలివి పెరుగుతుందా?

మా అల్లుడు లాటిన్ పక్షం. లాటిన్ చదివిన పిల్లలకు కళాశాల ప్రవేశ పరీక్షలలో ఇంగ్లీషు మార్కులు ఎక్కువ వస్తాయని, వైద్య, న్యాయశాస్త్రాల పరిభాష సులభమవుతుందని అతని వాదన. మా అమ్మాయి స్పానిష్ పక్షం. "ఈ ఊళ్ళో ఇంటి కప్పు వేసేవారి నుంచి ఆసుపత్రి నర్సు వరకు సగం మంది మాట్లాడే భాష అది. మనిషితో మాట్లాడడానికి పనికి రాని భాష ఎందుకు నాన్నా?" అన్నది. టెక్సాస్ విషయంలో ఆమె మాట కాదనలేము. ఆ భూభాగం 1836 వరకు మెక్సికోలో అంతర్భాగం. శాన్ ఆంటోనియో, ఎల్ పాసో, అమరిల్లో వంటి ఊళ్ళ పేర్లన్నీ స్పానిష్ పేర్లే. ఈనాడు ఆ రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో సగానికి పైగా స్పానిష్ మూలాలు గల కుటుంబాల పిల్లలే.

అల్లుని వాదన గురించి ఒక మాట చెప్పాలి. ఫలానా విషయం చదివితే మెదడు పదునెక్కుతుందన్న నమ్మకాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వేలాది ఉన్నత పాఠశాల విద్యార్థులపై పరీక్షించి, 1924 లో ఫలితాలు ప్రకటించాడు. లాటిన్ చదివినందువలన తెలివిగలవారు కావడం కంటె, తెలివిగలవారే లాటిన్ తీసుకొనడం జరుగుతున్నదని అతడు తేల్చాడు. నాణ్యతా నియంత్రణ విభాగంలో పని చేసిన మిత్రులకు ఇందులోని కిటుకు వెంటనే బోధపడుతుంది. మంచి ముడిసరకు వెళ్ళిన కొలిమికే మంచి పేరు వస్తుంది కదా! మన ఇంటర్మీడియట్ విద్యార్థులు మార్కుల కొరకు సంస్కృతం తీసుకొని, పరీక్ష గది దాటగానే మరచిపోవడం మనకు తెలియనిది కాదు. కనుక మార్కుల కోసమే అయితే లాటిన్‌ను గాని, మరే భాషను గాని సమర్థించలేము.

నా దస్త్రాలలో దాగిన భాష

మార్కుల సంగతి అటుంచి, లాటిన్ నాకు వ్యక్తిగతంగా ఒక పాఠం చెప్పింది. ఒకనాటి సాయంకాలం మా మనుమరాలు, "తాతయ్యా, నువ్వు ఆఫీసులో లాటిన్ వాడేవాడివా?" అని అడిగింది. లేదన్నాను. నా పాత కాగితాలలో ఒక దానిని తెచ్చి, పెన్సిలుతో గీతలు గీసి చూపించింది. అడ్ హాక్ కమిటీ, ప్రో రేటా చెల్లింపు, ఎక్స్ గ్రేషియా, బోనఫైడ్ సర్టిఫికెట్, ఎక్స్ అఫీషియో సభ్యుడు, కోరమ్, ఎజెండా, ఎక్స్ పార్టీ విచారణ — అన్నీ లాటినే! ముప్పై నాలుగు సంవత్సరాలు ఈ పదాలతో నోట్లు వ్రాసిన నాకు వాటి పదార్థం తెలియదన్న సంగతి ఆ పిల్ల ఎదుట బయటపడింది.

అడ్ హాక్ అంటే "దీనికై". ఎజెండా అంటే "చేయవలసినవి". కోరమ్ అంటే "ఎవరిలోనైతే" అన్న అర్థం గల షష్ఠీ బహువచనం. ఎవరెవరు తప్పక ఉండాలో నియామక పత్రంలో చెప్పే వాక్యం నుంచి ఆ ఒక్క మాట విడివడి మన బోర్డు సమావేశాల వరకు వచ్చింది. ఎక్స్ గ్రేషియా అంటే "అనుగ్రహం వలన". బోనఫైడ్ అంటే "సద్విశ్వాసముతో". మన ఒప్పంద పత్రాలలో అందరూ కళ్ళు మూసుకొని వ్రాసే మ్యుటాటిస్ మ్యుటాండిస్ అనే బ్రహ్మపదార్థానికి అర్థం "మార్చవలసినవి మార్చి" అని మాత్రమే. ఇంగ్లీషులో పెద్ద వివరణ కావలసిన ఈ మాట తెలుగులో రెండు పదాలతో ఒదిగిపోయింది.

కర్మాగారంలోనూ ఇదే కథ. ఇనుమును లాటిన్‌లో ఫెర్రుమ్ అంటారు. మనం టన్నులకొద్దీ వాడే ఫెర్రో మాంగనీసు, ఫెర్రో సిలికాన్లు, రసాయన శాస్త్రంలో ఇనుముకు గల ఎఫ్.ఇ. అనే సంకేతం, అన్నీ దాని సంతానమే.

ఆ పిల్ల చదివిన వాచకంలోని ప్రధాన పాత్ర కైకిలియుస్ అనే వడ్డీ వ్యాపారి. ఇతడు కల్పిత పాత్ర కాదు. క్రీస్తు శకం 79 లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద క్రింద కూరుకుపోయిన పాంపే నగరంలో నివసించిన వ్యక్తి. అతని ఇంటిలో 1875 లో జరిగిన త్రవ్వకాలలో మైనపు పలకలపై వ్రాసిన సుమారు నూట యాభై రసీదులు బయటపడ్డాయి. మన ఆడిట్ విభాగంవారు గర్వించదగిన విషయమిది. మహాకవుల గ్రంథాలెన్నో నశించినా, ఒక వ్యాపారి చెల్లింపు రసీదులు పద్దెనిమిది వందల సంవత్సరాలు నిలిచాయి.

డుమువులు, దత్తాలు

లాటిన్ తరగతిలో ఒకనాడు ఉపాధ్యాయురాలు, మీ ఇంటి భాషలో నామవాచకాలకు విభక్తులు ఉన్నాయా అని పిల్లలను అడిగారట. మా మనుమరాలు తెలియదని చెప్పి వచ్చింది. ఆ రాత్రి భోజనాల వద్ద నన్ను అడిగింది. నేను మా గ్రామ ఉన్నత పాఠశాలలో బెత్తం భయంతో వల్లించిన "డుమువులు ప్రథమా విభక్తి" నుంచి సంబోధన వరకు ఏకబిగిన చెప్పాను. యాభై సంవత్సరాల తరువాత కూడా ఒక్క ప్రత్యయం తప్పిపోలేదు. పిల్ల నోరు తెరుచుకొని విన్నది. "ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?" అన్నది. "నువ్వు అడగలేదమ్మా" అన్నాను. నిజానికి అడిగేటంత తెలుగును మేము ఆమెకు ఇవ్వలేదు.

ఆ తరువాత ప్రతి ఆదివారం మాకు ఒక తరగతి జరిగింది. ఎవరు ఎవరికి చెప్పారో చెప్పడం కష్టం. లాటిన్‌లో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది, తెలుగులో వలె. క్రియ చివరి అక్షరాలే కర్త ఎవరో చెబుతాయి కనుక "నేను" అన్న మాట అవసరం లేదు. మనం "వచ్చాను" అంటే చాలు కదా! "నాకు పుస్తకం ఉన్నది" అనడానికి లాటిన్‌లో "మిహి ఎస్ట్ లిబెర్" అంటారు. "మిహి" అంటే నాకు. ఇంగ్లీషు పిల్లలు ఈ వాక్యం దగ్గర చిక్కుకొంటారట. పుస్తకాన్ని నేను "కలిగి ఉండడం" వారి పద్ధతి. పుస్తకం నాకు ఉండడం మన పద్ధతి. లాటిన్‌వారు ఈ విషయంలో మన వైపు. ఈ "కు" ప్రత్యయాన్ని మన వ్యాకరణం షష్ఠిలో చేర్చగా, లాటిన్‌లో దానికి దానార్థకమైన ప్రత్యేక విభక్తి ఎందుకున్నదని ఆమె అడిగిన ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయింది.

పదాల విషయానికి వస్తే, పాతెర్‌లో పితృ శబ్దం, మాతెర్‌లో మాతృ శబ్దం, సెప్తెమ్‌లో సప్త, ఇగ్నిస్‌లో అగ్ని, నోముస్ కాదు నోవుస్‌లో నవ, దెంతెమ్‌లో దంతం మనకు వినిపిస్తాయి. 1786 లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో సర్ విలియమ్ జోన్స్ చేసిన ప్రసంగంతో సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల చుట్టరికం లోకానికి విదితమైంది. తెలుగు ఆ కుటుంబానికి చెందదని, తమిళ కన్నడాలతో కలిసి వేరొక కుటుంబమని, 1816 లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించాడు. అయినా ఈ పదాలు సంస్కృతం ద్వారా మన ఇంటికి వచ్చి స్థిరపడినవే. చుట్టాలు కాకపోయినా ఇరుగుపొరుగులమే.

నువ్వు, మీరు

స్పానిష్ లాటిన్‌కు కన్నబిడ్డ. తల్లి నోటి మాటలే కాలక్రమంలో అరిగి బిడ్డ నోటి మాటలైనాయి. పదాది ఫకారం మొదట హకారమై, ఆ తరువాత పలుకుబడిలో మాయమైంది. వ్రాతలో మాత్రం నిలిచింది. పిండికి లాటిన్‌లో ఫరీనా, స్పానిష్‌లో అరీనా. పొగకు ఫూముస్, ఊమో. ఇది విన్న వెంటనే మన టౌన్‌షిప్‌లోని కన్నడ మిత్రులు గుర్తుకు వచ్చారు. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. పకారం హకారమయ్యే ఈ మార్పుకు, వేల మైళ్ళ దూరాన జరిగిన ఆ మార్పుకు సంబంధమేమీ లేదు. మనిషి నాలుక ఎక్కడైనా ఒకే రీతిలో బద్ధకిస్తుందనడానికి మాత్రం ఇది నిదర్శనం.

స్పెయిన్ దేశంలో శతాబ్దాలు సాగిన అరబ్బుల పాలన వలన చేరిన పదాలు కొన్ని మనకు మరీ దగ్గరివి. నారింజను స్పానిష్‌లో నరాంహ అంటారు, చక్కెరను అసూకర్ అంటారు. సంస్కృతంలోని నారంగ, శర్కర శబ్దాలే పర్షియా, అరేబియాల మీదుగా స్పెయిన్ చేరి, అక్కడి నుంచి ఓడలెక్కి అమెరికా చేరాయి. మా అమ్మాయి వంట గదిలో అవి మళ్ళీ మమ్మల్ని కలిశాయి.

ఉచ్చారణలో తెలుగు బిడ్డకు స్పానిష్ కొట్టినపిండి. ఇంగ్లీషు పిల్లలకు పట్టుబడని తకార దకారాలు మనకు ఉగ్గుపాలతో వచ్చినవే. "పెరో" అంటే కాని, "పెఱ్ఱో" అంటే కుక్క. ఈ భేదం చూపించడానికి నేను ఆమెకు మన శకట రేఫను వ్రాసి చూపించాను. వాడుకలో మనం వదిలివేసిన అక్షరం అక్కడ పనికి వచ్చింది. "నాకు నచ్చింది" అనే వాక్య నిర్మాణం కూడా స్పానిష్‌లో "మె గుస్త" అని మన వలెనే ఉంటుంది.

ఇంతకంటె నన్ను ఆకట్టుకున్నది మరొకటి ఉన్నది. ఇంగ్లీషులో చిన్నవారినీ పెద్దవారినీ సంబోధించడానికి ఒకే మాట. స్పానిష్‌లో "తూ" అంటే నువ్వు, "ఉస్తెద్" అంటే మీరు. "ఉస్తెద్" అన్నది "తమ దయ" అనే అర్థం గల పాత గౌరవవాచకం అరిగి ఏర్పడిన రూపం. మన "తమరు" లాంటిదన్నమాట. ఈ పాఠం చదివిన రోజున మా మనుమరాలు చాలా గంభీరంగా వచ్చి, "తాతయ్యా, నేను నిన్ను నువ్వు అనడం తప్పా?" అని అడిగింది. తాతను మనుమరాలు "నువ్వు" అనడం తప్పు కాదని, అది చనువని, గుడిలో దేవుణ్ణి కూడా మనం నువ్వనే అంటామని చెప్పాను. మరి ఇంటికి వచ్చే పెద్దలను? "మీరు అనాలమ్మా." ఆ వారం మా ఇంటికి భోజనానికి వచ్చిన మిత్రదంపతులను ఆమె "మీరు బాగున్నారా?" అని పలకరించింది. పదహారేళ్ళలో మేము నేర్పలేని మర్యాద ఒక మెక్సికన్ పాఠం నేర్పింది.

మణికట్టు

ఇంత వరకు చెప్పినది వేడుక. ఇక చెప్పబోయేది వేడుక కాదు.

నవంబరులో మా శ్రీమతి మెట్లపై జారి, కుడి మణికట్టు ఎముక విరగగొట్టుకొన్నది. పిండికట్టు వేశారు. మూడవ రోజున మళ్ళీ చూపించవలసి వచ్చింది. మా అమ్మాయి ఉద్యోగపు పనిపై వేరే ఊరు వెళ్ళింది. నేను చిన్న మనుమనితో ఇంటి వద్ద ఉన్నాను. అల్లుడు వారిద్దరినీ ఆసుపత్రి వాకిట దింపి, కారు నిలుపుకొని రావడానికి వెళ్ళాడు. బామ్మను, అంటే వాళ్ళ అమ్మమ్మను, లోపలికి తీసుకొని వెళ్ళినది మా మనుమరాలే.

వేచి ఉండే గదిలో ప్రక్క కుర్చీలో ఒక మెక్సికన్ వృద్ధురాలు కూర్చుని ఉన్నదట. ఆమెకూ చేతికే దెబ్బ. మా పిల్ల స్పానిష్‌లో పలకరించింది. ఆమె పడిన తీరు, నొప్పి తీరు, కొడుకు కోడలి సంగతులు అన్నీ చెప్పుకొచ్చింది. పిల్లకు ఇంచుమించు అంతా అర్థమైంది. "మె దువేలె" అంటే "నాకు నొప్పి" అని; మణికట్టుకు స్పానిష్‌లో "మున్యేక" అంటారని, ఆ మాటకే బొమ్మ అన్న అర్థం కూడా ఉన్నదని ఆనాడే తెలుసుకొన్నది.

తరువాత వైద్యురాలు పిలిచి, నొప్పి ఎలా ఉన్నదని అడిగింది. మా శ్రీమతి తెలుగులో చెప్పింది: "రాత్రంతా సలుపు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. కట్టు బిగిసిపోయినట్టుంది." పిల్ల ఆగిపోయింది. సలుపు అంటే ఏమిటో తెలియదు. తిమ్మిరి అన్న మాట విన్నదే కాదు. నొప్పిగా ఉన్నదని మాత్రం ఇంగ్లీషులో చెప్పింది. వైద్యురాలు నొప్పి మాత్ర వ్రాయబోతూ ఉండగా మా అల్లుడు లోపలికి వచ్చాడు. అత్తగారి మాట మరొకసారి విని, వేళ్ళలో స్పర్శ తగ్గుతున్నదని చెప్పాడు. ఆమె వెంటనే వేళ్ళు నొక్కి చూసి, కట్టు విప్పించి వదులుగా కట్టించింది. పిండికట్టు బిగిసి రక్తప్రసారానికి అడ్డుపడితే, నరాలకు హాని కలగవచ్చునని, తిమ్మిరి అందుకు తొలి హెచ్చరిక అని వివరించింది. అదృష్టవశాత్తు ఏ ప్రమాదమూ జరగలేదు. ఎవరి తప్పూ లేదు.

ఆ రాత్రి పిల్ల భోజనం చేయలేదు. నేను గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. చాలాసేపటికి, తెలుగు ఇంగ్లీషు కలిపి, ఒక మాట అన్నది: "తాతయ్యా, ఆ మామ్మ చెప్పింది నాకు అంతా తెలిసింది. మా అమ్మమ్మ చెప్పింది తెలియలేదు."

దానికి నేను చెప్పగలిగిన ఓదార్పు లేదు. తప్పు ఆమెది కాదని చెప్పాను. అది నిజం. పిల్లకు తెలుగు రాకపోయినా ఫరవాలేదు, ఇంగ్లీషు వస్తే చాలునని ఫోనులో మా అమ్మాయికి నచ్చజెప్పినవాణ్ణి నేనే. మన టౌన్‌షిప్ బడిలో మా అమ్మాయిని కూడా అదే మాటతో తెలుగు వదిలించి, ఇతర భాష తీసుకొనమన్నవాణ్ణి నేనే.

నాలుగు గడుల పుస్తకం

మరునాటి ఉదయం ఆమె ఒక కొత్త నోటుపుస్తకం తీసి, పేజీకి నాలుగు గడులు గీసింది: లాటిన్, స్పానిష్, ఇంగ్లీషు, తెలుగు. మొదటి పేజీ శీర్షిక నొప్పి. లాటిన్ గడిలో "దోలోర్" అని వ్రాసింది. స్పానిష్ గడిలోనూ అదే మాట. ఇంగ్లీషు గడిలో రెండు మూడు మాటలు. తెలుగు గడిని పట్టుకొని వెళ్ళి అమ్మమ్మ మంచం ప్రక్కన కూర్చున్నది. నొప్పి, సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, జివ్వుమనడం, లాగడం, గుంజడం — మా శ్రీమతి ఒక్కొక్కటి చెబుతూ, ఏది ఎక్కడ ఎప్పుడు వస్తుందో ఎడమ చేతితో చూపించింది. ఆ గడి నిండి, వెనుక పేజీకి పోయింది. "ఇన్ని ఉన్నాయా?" అని పిల్ల ఆశ్చర్యపోయింది. చెబుతున్న అమ్మమ్మ కూడా ఆశ్చర్యపోయింది. ఎప్పుడూ ఎవరూ అడగలేదు మరి.

2024 ఫిబ్రవరిలో మేము తిరుగు ప్రయాణమయ్యే నాటికి ఆ పుస్తకంలో అరవై పేజీలు నిండాయి. చుట్టరికాలకు ఒక పేజీ, వంట గదికి మూడు, వానకు ఒకటి. ఇప్పటికీ ఆదివారం సాయంకాలం ఫోను వస్తుంది. మొదట అమ్మమ్మతో, తరువాత నాతో. లాటిన్‌లో ఆమె ఇప్పుడు వర్జిల్ మహాకవి కావ్యానికి సిద్ధమవుతోంది. ఆ కావ్యంలో కాలిపోతున్న నగరం నుంచి తండ్రిని భుజాలపై మోసుకొని బయటపడే వీరుని కథ నాకు చెప్పింది. నేను శ్రవణకుమారుని కథ చెప్పాను.

పాఠక మిత్రులకు ఒక మాట

2010 నుంచి 2017 వరకు అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగు అని అక్కడి జనాభా గణాంకాలను పరిశీలించినవారు తేల్చారు. ఆ కాలంలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగి, నాలుగు లక్షలు దాటారు. మనం సంతోషించవచ్చు. అయితే పెరిగినది విమానం దిగినవారి సంఖ్య. అక్కడ పుట్టిన పిల్లల నాలుక మీద ఎంత తెలుగు ఉన్నదన్నది వేరే లెక్క.

మన సంస్థ ఉద్యోగుల పిల్లలు విదేశీ భాషలు నేర్చుకోవాలని నేను ఇప్పుడు మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. స్పానిష్ ఇరవై దేశాలలో అధికార భాష. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో దానిని నేర్పుతారు. న్యూఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వపు సెర్వాంతెస్ సంస్థ కేంద్రం ఉన్నది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పాఠ్యప్రణాళికలోనూ ఆ భాషకు స్థానం ఉన్నది. లాటిన్ మన పిల్లలకు అందుబాటులో లేకపోయినా, అది వారికి చేయగల మేలు సంస్కృతాన్ని మార్కుల కోసం కాక శ్రద్ధగా చదివితే కలుగుతుంది.

వ్యాకరణం తెలిసినవాడు మరొక భాషను గుర్తుపడతాడు. పొరుగు భాష తెలిసినవాడు పొరుగువాని నొప్పిని గుర్తుపడతాడు. ఈ రెండూ గొప్ప విద్యలే. కాని ఇంట్లో పెద్దలు రాత్రివేళ మూలిగే మాట పిల్లకు అర్థం కావాలంటే, ఆ మాటను బడి నేర్పదు, మనమే నేర్పాలి. మా మనుమరాలు అది లాటిన్, స్పానిష్‌ల మీదుగా చుట్టు తిరిగి వచ్చి తెలుసుకొన్నది. టౌన్‌షిప్‌లో, తెలుగు నేల మీద, అమ్మమ్మ నాయనమ్మల ప్రక్క గదిలో పెరుగుతున్న మన పిల్లలకు అంత దూరం వెళ్ళవలసిన అగత్యం లేదు. ఈ రోజు ఇంటికి వెళ్ళి, సలుపుకూ పోటుకూ తేడా ఏమిటో వారిని ఒకసారి అడిగి చూడండి.